తెర మీది చేప బొమ్మలను నమ్మవచ్చా?

వేట, వల, యంత్రం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా గార మండలం బందరువానిపేట. అన్నదమ్ములం ముగ్గురం కలిసి మా ఫైబరు తెప్పకు అయిదంగుళాల తెర ఉన్న ఫిష్ ఫైండర్ కొన్నాం. తెర నిండా చేప బొమ్మలు కనిపిస్తాయి, వల లాగితే ఖాళీగా వస్తుంది. అమ్మినవారు యంత్రం బాగానే ఉందంటున్నారు. మా నాన్న మాత్రం దాన్ని తీసి సముద్రంలో పడేయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. ఆయన కోపంలో న్యాయముంది. అయినా యంత్రాన్ని పారేయకండి. దాని మెనూలో చేప బొమ్మలు చూపించే అమరిక ఒకటి ఉంటుంది. చాలా యంత్రాల్లో దాన్ని ఫిష్ ఐడీ అంటారు. ఈ జవాబు చదివిన పూటే దాన్ని ఆపేయండి.

ఎందుకంటే ఆ యంత్రానికి చేప కనిపించదు. ధ్వనిని కిందికి పంపుతుంది, తిరిగి వచ్చిన ప్రతిధ్వనిని వింటుంది, అంతే. సముద్రపు నీటిలో ధ్వని సెకనుకు దాదాపు 1500 మీటర్లు పోతుంది. 30 మీటర్ల లోతున్న చోట నేలను తాకి తిరిగి రావడానికి సెకనులో 25వ వంతు చాలు. ఆ కాలాన్ని కొలిచి లోతు చెబుతుంది. నేలకు పైన, నీటి మధ్యలో ఇంకేది తగిలినా దానికి ఒక చేప బొమ్మ అంటిస్తుంది. జెల్లీ చేపల గుంపు కావచ్చు, కొట్టుకొచ్చిన నాచు కావచ్చు, పక్క నావ వదిలి వెళ్లిన నురగ కావచ్చు, ప్లాస్టిక్ సంచి కావచ్చు. బొమ్మలు ఆపేస్తే ఆ ప్రతిధ్వని అసలు రూపం మీ కళ్ల ముందుకొస్తుంది. దాన్ని చదవడం నేర్చుకోవాలి.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోండి. నేను మొదటిసారి బిగించిన యంత్రానికి, తెప్ప మీది ఎల్‌ఈడీ దీపానికి ఒకే తీగ నుంచి కరెంటు ఇచ్చాను. కళింగపట్నం దీపస్తంభం వెలుగు వెనక సన్నగా కనిపించే దూరంలో, తెల్లవారుజామున, తెరంతా చుక్కలు రాలాయి. కవళ్ల (సార్డిన్ చేపల) గుంపనుకుని వల దించాం. పైకి లాగితే నాలుగు జెల్లీ ముద్దలు తప్ప ఏమీ లేవు. మాతో వచ్చిన కుర్రవాడు పడుకుంటానని దీపం ఆర్పాడు. ఆ క్షణం నుంచే కొత్త చుక్కలు రావడం ఆగిపోయింది. ఆ పూట డీజిలు, ఆరుగురి కష్టం వృథా అయ్యాయి. అందుకే ఎవరు అడిగినా ముందు ఇదే చెబుతాను: బ్యాటరీ నుంచి యంత్రానికి నేరుగా, విడిగా తీగ లాగండి, మధ్యలో కంపెనీ చెప్పిన ఫ్యూజు పెట్టండి. ఇంజను తీగలకు, ఛార్జింగు తీగలకు దూరంగా నడిపించండి. ఆ తర్వాత నీటి మీద ఇంజను, దీపాలు, వైర్‌లెస్ అన్నీ ఆపి యంత్రాన్ని మాత్రమే వేయండి. తెర శుభ్రంగా ఉంటే మిగిలినవి ఒక్కొక్కటే వేస్తూ పోండి. దేన్ని వేసినప్పుడు చుక్కలు మొదలయ్యాయో దొంగ అదే. అన్నీ సరిగ్గా ఉన్నా ఏటవాలుగా చుక్కల గీతలు వస్తే, దగ్గరలో మరో నావలో ఇదే రకం యంత్రం నడుస్తోందన్నమాట.

ట్రాన్స్‌డ్యూసర్‌ను, అంటే నీటిలో ఉండి ధ్వనిని పంపి ప్రతిధ్వనిని వినే భాగాన్ని, ఎక్కడ పెట్టారో మీరు రాయలేదు. కంపెనీ కాగితంలో వెనక చెక్కకు మరలతో బిగించమని ఉంటుంది. అది జెట్టీకి కట్టే నావల సంగతి. మన తెప్పలు కెరటం మీద వచ్చి ఇసుకకు కొట్టుకుంటాయి, ఆపైన పదిమంది కలిసి ఈడ్చుకుపోతారు. అడుగున పొడుచుకొచ్చిన ఏ వస్తువూ నెల తిరక్కుండా విరిగిపోతుంది. తెప్ప పక్కన, మధ్యకు కాస్త వెనగ్గా, ఒక ఇనుప గొట్టం నిలువుగా బిగించి దాని చివర ట్రాన్స్‌డ్యూసర్ కట్టండి. వేట చోటుకు చేరాక దించాలి, ఒడ్డుకు తిరిగేటప్పుడు పైకి మడవాలి. నీటిలో కనీసం ఒక జాన లోతున ఉండాలి, ముఖం నిట్టనిలువుగా కిందికి చూడాలి, ప్రొపెల్లర్ తిప్పే నురగ దాని కిందికి రాకూడదు. గాలి బుడగ ధ్వనికి గోడలాంటిది. వేగంగా వెళ్లేటప్పుడు తెర ఖాళీ అయితే కారణం చాలావరకు ఆ బుడగలే.

ఫైబరు గుండానే ధ్వనిని పంపవచ్చని, లోపలి వైపు జిగురుతో అతికించమని కొందరు సలహా ఇస్తారు. అడుగు పూర్తిగా గట్టి ఫైబరు అయితే అది పనిచేస్తుంది. మధ్యలో ఫోము గాని చెక్క గాని ఉంటే పనిచేయదు. మన తెప్పల్లో చాలావాటికి తేలడం కోసం ఫోము నింపుతారు కనుక నేనైతే గొట్టమే కట్టిస్తాను.

ఇప్పుడు మీ నాన్నగారి దగ్గరికి వస్తాను. మెనూలో లోతు కొలతను మీటర్ల నుంచి ఫాథమ్‌లకు మార్చండి. ఫాథమ్ అంటే ఆరడుగులు, అంటే మన బారే. ట్రాన్స్‌డ్యూసర్ నీటిలో ఎంత దిగి ఉందో ఆ అంకె కూడా ఇవ్వండి, నీరు ఉప్పునీరని ఎంచుకోండి. ఇంజను ఆపి, మీ నాన్నగారి చేత సీసపు గుండు కట్టిన తాడు వేయించండి. ఆయన పన్నెండు బారలంటే తెర కూడా పన్నెండు అనాలి. ఒక బార తేడా వస్తే అమరికలో తప్పుంది. మా నాన్న గుండు అడుగున సబ్బు అద్ది దించేవారు. పైకి వచ్చాక దానికి అంటుకున్నది ఇసుకా, బురదా, గవ్వల పొడా అని వేలితో రుద్ది చూసేవారు. ఒడ్డున తాటిచెట్టును, దాని వెనక కొండను ఒక వరుసలోకి తెచ్చి ఆ చోటు గుర్తుపెట్టుకునేవారు. ఆ చోట్ల మీదికి మీ యంత్రాన్ని తీసుకెళ్లండి. నేల తెలిసిన చోట తెర ఎలా కనిపిస్తుందో చూడడం కంటే మంచి చదువు లేదు, ఆ చదువు మీ ఇంట్లోనే ఉంది.

తెరలో కుడి అంచు మాత్రమే ఇప్పటి సంగతి. ఎడమకు జరిగిపోతున్నదంతా మీరు దాటి వచ్చినది. ముందున్నది అందులో ఉండదు. కొత్తవారు తెర ఎడమ వైపు కనిపించిన గుంపును చూసి అటు తెడ్డు తిప్పుతారు, కాని ఆ గుంపు వెనక ఉండిపోయింది. వచ్చిన దారినే వెనక్కి తిరగాలి. మీ యంత్రంలో జీపీఎస్ ఉంటే గుంపు కనిపించిన క్షణంలో గుర్తు పెట్టుకోండి.

యంత్రం పంపే ధ్వనికి 50, 200 కిలోహెర్ట్జ్ అని రెండు పౌనఃపున్యాలు ఉంటే మీరు వేటాడే లోతుకు 200 పెట్టండి. దాని ధ్వని గరాటులా సన్నగా దిగుతుంది. 20 డిగ్రీల గరాటైతే 30 మీటర్ల లోతున పది మీటర్ల వెడల్పు చూస్తుంది. 50 లోతుకు పోతుంది, ఎక్కువ వెడల్పు చూస్తుంది, కాని వివరం తగ్గుతుంది. సెన్సిటివిటీని, అంటే ఎంత సన్నని ప్రతిధ్వనిని తెర మీద చూపాలో చెప్పే అమరికను, ఆటోలో వదలకండి. తెరంతా ఇసుక చల్లినట్టయ్యే దాకా పెంచి, ఆ ఇసుక పలచబడే దాకా తగ్గించండి.

ఒక్క చేప గరాటు అంచులో ప్రవేశించి, మధ్యకు వచ్చి, రెండో అంచు నుంచి పోతే తెర మీద వంపు తిరిగిన విల్లులా గీస్తుంది. విల్లు పొడవు చూసి పెద్ద చేప అనుకోకూడదు. తెప్ప మెల్లగా పోతే చిన్న చేప కూడా పొడవుగా గీస్తుంది, ఆగి ఉంటే అడ్డగీతే అవుతుంది. గీత మందం, రంగు చూడండి. ఎరుపు, పసుపు రంగులు గట్టి ప్రతిధ్వనికి గుర్తు. అది ఎక్కువగా చేప లోపలి గాలితిత్తి నుంచి వస్తుంది. వంజరానికి, సొరకు ఆ తిత్తి లేదు. అందుకని మంచి బరువున్న వంజరం కూడా తెర మీద బలహీనంగా కనిపించవచ్చు. కవళ్ల గుంపు విల్లులుగా రాదు, గడ్డివాములాగో మబ్బులాగో ముద్దగా వస్తుంది. చీకటి పడ్డాక చాలా గుంపులు విడిపోయి చెదురుతాయి. పగలు ముద్దగా కనిపించిన చోటే రాత్రి పలచని పొర కనిపిస్తే చేప పోయిందని తేల్చేయకండి.

ప్రతి వేటకూ ఒక నోటుపుస్తకంలో తెర ఎలా ఉందో, వలలో ఏం పడిందో రాయండి. చిన్నవాడికి ఆ పని అప్పగించండి.

ప్రశ్న: విజయనగరం జిల్లా చింతపల్లి నుంచి రాస్తున్నాను. రాళ్లకు తగిలి రెండు వలలు చిరిగాయి. తెర మీద రాయిని, బురదను ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: మీ తీరానికి రాళ్లు కొత్త కాదు. అక్కడ దీపస్తంభం నిలిచిందే వాటి గురించి నావలను హెచ్చరించడానికి. గట్టి నేల ధ్వనిని బలంగా తిప్పికొడుతుంది కనుక అడుగు పట్టీ మందంగా, ఎర్రగా వస్తుంది. కొన్నిసార్లు ఆ ప్రతిధ్వని నీటి పైభాగానికి తగిలి మళ్లీ కిందికి పోయి వస్తుంది. అప్పుడు సరిగ్గా రెట్టింపు లోతులో రెండో నేల కనిపిస్తుంది. మీ తెర ఆ లోతు దాకా చూపేలా పెట్టుకుంటేనే అది తెలుస్తుంది. పది బారల చోట నేను పాతిక బారలకు పెడతాను. రెండో గీత స్పష్టంగా ఉంటే కింద రాయి గాని గట్టి ఇసుక గాని ఉంది. అడుగు గీత ఎగుడుదిగుడుగా ఉంటే రాయే. బురద ధ్వనిని మింగుతుంది, పట్టీ పలచగా వస్తుంది, రెండో గీత రాదు.

ఒక జాగ్రత్త. గరాటు వెడల్పు వల్ల రాతికి ఆనుకుని ఉన్న చేప నేలలో కలిసిపోయి కనిపిస్తుంది, రాతి అంచు కూడా మీరు దాని మీదికి రాకముందే తెర మీదికి వస్తుంది. గీత పైకి లేవడం మొదలైన చోటే ఆగండి. వల అక్కడికి ఇవతలే దించండి.

ప్రశ్న: మాది భావనపాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట ఉండదు కదా. ఆ రెండు నెలలు యంత్రాన్ని తెప్ప మీదే ఉంచమంటారా? మా ఆయన ఉంచవచ్చంటున్నారు.

జవాబు: వద్దమ్మా, ఇంటికి తెప్పించండి. తెరను తడిగుడ్డతో తుడిచి ఎండ తగలని చోట పెట్టండి. ట్రాన్స్‌డ్యూసర్ ముఖానికి పట్టిన నాచును సబ్బునీటితో, మెత్తని గుడ్డతో తీయాలి. కత్తితో గీకవద్దు, థిన్నరు, పెట్రోలు అసలు తగలనివ్వవద్దు. తీగ చివరి పిన్నులను మంచినీటి తడిగుడ్డతో తుడిచి, బాగా ఆరబెట్టి, పాలిథిన్ సంచి కట్టండి. పిన్నుల మీద పచ్చటి తుప్పు కనిపిస్తే ఇప్పుడే బాగు చేయించండి, జూన్‌లో మెకానిక్ దొరకడు. జూన్ 14 సాయంత్రం ట్రాన్స్‌డ్యూసర్‌ను బకెట్ నీళ్లలో ముంచి యంత్రం వేయండి. బకెట్లో లోతు చూపదు, కంగారు పడకండి. బకెట్ దగ్గర చెవి పెట్టి వింటే చాలావాటిలో టిక్కు టిక్కుమనే చిన్న చప్పుడు వినిపిస్తుంది. అది వినిపిస్తే మర్నాడు తెప్ప మీద బిగించుకోవచ్చు.