‘ది సేల్స్‌మన్’లో ఎమాద్ తీర్చుకున్నది ఎవరి పగ?

మీరు అడిగినవి మూడు. అస్గర్ ఫర్హాదీ తీసిన ఇరాన్ సినిమా ‘ది సేల్స్‌మన్’ (2016)లో ఆ ముసలాయన నిజంగా తప్పు చేశాడా, ఎమాద్ చేసింది న్యాయమా పగా, చివరికి ఎమాద్, రానా కలిసున్నారా విడిపోయారా అని. సినిమా చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, కథ మొత్తం చెప్పాల్సి వస్తుంది.

మొదటిదానికి సూటిగా చెప్తాను. తప్పు చేశాడు, ఒప్పుకున్నాడు కూడా. ఇందులో దోషి ఎవరన్న సస్పెన్స్ చివర్లో తేలిపోతుంది, కాకపోతే అది తేలాక మనకి రావాల్సిన తృప్తి రాదు. మీరు ‘అర్థం కాలేదు’ అంటున్నది బహుశా ఆ రాని తృప్తి గురించే అనిపించింది.

కథ ఒకసారి గుర్తుచేస్తాను. ఎమాద్, రానా నాటకాలాడే భార్యాభర్తలు, ఎమాద్ స్కూల్లో పాఠాలు కూడా చెప్తాడు. టెహ్రాన్‌లో పక్క స్థలంలో తవ్వకాలు జరుగుతుంటే వీళ్ళుండే బిల్డింగ్ గోడలు బీటలిస్తాయి, ఉన్నపళంగా ఖాళీ చేయాల్సొస్తుంది. నాటకాల్లో తోటి నటుడు బాబక్ తన ఫ్లాట్ ఇస్తాడు గానీ, అంతకుముందు అందులో ఉన్నావిడ దగ్గరికి మగవాళ్ళు వచ్చిపోతుండేవారన్న సంగతి చెప్పడు. ఒక రాత్రి బెల్ మోగుతుంది. మొగుడే అనుకుని రానా కింద గేటు తెరిచే బటన్ నొక్కి, ఫ్లాట్ తలుపు ఓరగా తీసిపెట్టి స్నానానికి వెళ్ళిపోతుంది. కెమెరా మాత్రం ఆ తలుపు దగ్గరే ఉండిపోతుంది. తర్వాత మనం చూసేది మెట్ల మీద నెత్తురు, ఆస్పత్రిలో తలకి దెబ్బతో రానా. ఆ రాత్రి లోపలికి వచ్చినవాడే మీరడిగిన ముసలాయన అని చివర్లో తెలుస్తుంది.

లోపల ఏం జరిగిందో సినిమా చూపించదు. ఇరాన్ సెన్సార్ ఎలాగూ చూపించనివ్వదు, కానీ ఫర్హాదీ ఆ అడ్డుని తన కథకే వాడుకున్నాడు. రానా చెప్పేది సగం సగం, ముసలాయన చెప్పేది తనకి అనుకూలమైనంత. ‘ఎంతవరకు జరిగింది’ అన్నది తేలితే శిక్ష ఎంత ఉండాలో తేలుతుందని చాలామంది ప్రేక్షకులు దాని వెంటే పడతారు. ఎమాద్ కూడా అదే పని చేస్తాడు. నా అభిప్రాయంలో ఆ ప్రశ్నని రానా నోటి నుంచి బలవంతంగా రాబట్టాలనుకోవడమే ఎమాద్ మారిపోవడానికి మొదలు.

ఎందుకంటే తప్పు చేసింది ముసలాయన ఒక్కడే అయినా, తప్పు చేసిన భావన మాత్రం అందరిలో ఉంది. ఎవరో చూసుకోకుండా తలుపు తీశానని రానాకి. చెప్పకుండా దాచానని బాబక్‌కి ఉండాలి, కనీసం ఎమాద్ అలా అనుకుంటాడు, అందుకే స్టేజీ మీద నాటకం మధ్యలో స్క్రిప్టులో లేని తిట్లు కలిపి అందరి ముందూ అతన్ని తిడతాడు. ఇక ఎమాద్‌ది అన్నిటికన్నా పెద్దది, తను ఆ టైంలో ఇంట్లో లేడు, భార్య తలుపు తీసింది తనకోసమే. దీన్ని అతను ఒక్కసారి కూడా నోరు తెరిచి చెప్పడు. ‘నేను తొందరగా వచ్చుంటే’ అన్న ఒక్క మాట రానాతో అనుంటే ఈ సినిమా ఇంకోలా నడిచేదేమో.

మాకరోనీ సీన్ గుర్తుందా? అదొక్కటీ మళ్ళీ చూడండి. నాటకంలోని ఇంకో నటి కొడుకు, చిన్న పిల్లాడు, వీళ్ళింటికి భోజనానికి వస్తాడు. ఆ దెబ్బ తర్వాత రానా మొదటిసారి నవ్వుతుంది, వంట చేస్తుంది, ముగ్గురూ తింటుంటారు. సరుకులకి డబ్బెక్కడిదని ఎమాద్ అడుగుతాడు. ఇంట్లో కనిపించింది, నువ్వు పెట్టావనుకున్నాను అంటుంది. అది ఆ వచ్చినవాడు వదిలిపెట్టి వెళ్ళిన డబ్బు. ఎమాద్ తినడం ఆపించేస్తాడు. పిల్లాడు ఏం అర్థం కాక చూస్తుంటాడు. అతని బాధ నాకు తెలుసు, ఆ డబ్బుతో కొన్న ముద్ద ఎవరికైనా గొంతు దిగదు. కానీ అసలు రానా మొహంలో కాస్త వెలుగు వచ్చింది ఆ ఒక్క పూటే, దాన్ని ఆర్పింది మాత్రం ఆ వచ్చినవాడు కాదు.

నేను ఇంత గట్టిగా మాట్లాడడానికి కారణం ఉంది. మా ఇంట్లో జరిగింది అంత ఘోరం కాదు, కానీ దాని తర్వాత ఇల్లు ఎలా తయారైందో దగ్గరుండి చూశాను. అప్పుడు గుంటూరులో ఉండేవాళ్ళం. ధనుర్మాసం, ఇంకా మంచు విడలేదు, అమ్మ వాకిట్లో ముగ్గు వేస్తోంది. బైక్ మీద ఇద్దరొచ్చారు, వెనక కూర్చున్నవాడు వంగి మెడలో పుస్తెలతాడు లాగాడు. వెంటనే తెగలేదు. అమ్మని కాస్త దూరం ఈడ్చుకుపోయాక తెగింది. మెడ చుట్టూ ఎర్రగా వాత తేలింది, మోచెయ్యి చెక్కుకుపోయింది, జుట్టు నిండా ముగ్గుపిండి. మెడ బోసిగా ఉండకూడదని ఎదురింటి పిన్నిగారు అప్పటికప్పుడు పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టి వేయించారు. ఆ తాడు సరిగ్గా ఆ వాత మీదే ఒరుసుకునేది. అమ్మ పైటకొంగు చివర మడిచి తాడుకీ మెడకీ మధ్య పెట్టుకుని తిరిగేది. మంటగా ఉందా అని అడిగినవాళ్ళు తక్కువ. అంత పొద్దున్నే అంత బంగారంతో బయటికెందుకు వచ్చావని అడిగినవాళ్ళు చాలామంది.

నాన్నని మాత్రం బంధువులు ఇంకొకటి అడిగేవాళ్ళు. ‘మీరు ఇంట్లోనే ఉన్నారా ఆ టైంలో?’ అని. ఉన్నారు, నిద్రపోతున్నారు. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాన్న మొహం మాడిపోయేది. వీధి చివర షాపుల చుట్టూ తిరిగి, సీసీ కెమెరా ఫుటేజీ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని, టీవీకి పెట్టి చూసేవారు. ఆ బైక్ మా మలుపు తిరగడం, ఆపడం, మళ్ళీ వెనక్కి తిప్పడం. అమ్మ వంటింట్లోంచి వస్తూ పోతూ అది చూడాల్సిందే. అమ్మ అడిగింది ఒక్కటే, పొద్దున్నే నేను ముగ్గు వేసేంతసేపు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చోండి అని. నాన్న ‘ముందు వాణ్ణి దొరకనీ’ అనేవారు. చివరికి అమ్మ ముగ్గు వెయ్యడమే మానేసింది.

తర్వాత వేరే దొంగతనంలో ఒక కుర్రాడు దొరికాడు, గుర్తుపట్టమని స్టేషన్‌కి పిలిచారు. వరండాలో వాడి తల్లి కూర్చుని ఉంది. అమ్మ వాడి వైపు చూసి ‘వీడే’ అంది, కాగితం మీద సంతకం పెట్టింది, ఇంటికి పోదాం పదండి అని లేచింది. అక్కడున్నవాళ్ళు ఆపేలోపే నాన్న వాడి చెంప పగలగొట్టారు. ఆ తర్వాత చాలా రోజులు అమ్మ నాన్నతో సరిగ్గా మాట్లాడలేదు. దొంగ మీద జాలితో కాదు, వాడికి శిక్ష పడాలనే సంతకం పెట్టింది. ‘నా తరఫున అన్నట్టు కొట్టారు, నన్ను ఒక్క మాట అడిగారా’ అంది ఎప్పుడో మాటల మధ్యలో.

అందుకే రానా ముసలాయన్ని క్షమించేసిందని, ఆవిడది మెతక మనసని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. రానా పోలీసు కేసు వద్దంటుంది, ఎందుకంటే జరిగింది మళ్ళీ నలుగురి ముందు తన నోటితో చెప్పాలి. ఒంటరిగా ఉండలేనంటుంది, ఆ బాత్రూంలోకి వెళ్ళలేనంటుంది. ప్రేక్షకుల్లో ఒకడి చూపులు చూసి భయపడి నాటకం మధ్యలోంచి వెళ్ళిపోతుంది. ఆవిడ అడిగేవన్నీ మొగుడు చెయ్యగలిగినవే, తోడుండటం, ఇల్లు మారడం. ఎమాద్‌కి అవి పనుల్లా కనిపించవు. ఆ రాత్రి వచ్చినవాడు వదిలిపోయిన తాళాలు, పికప్ వ్యాన్ పట్టుకుని వాణ్ణి వెతకడమే పనిలా కనిపిస్తుంది. మన చుట్టూ ఉన్న మగవాళ్ళలో ఇది ఎంతమందిలో లేదు చెప్పండి.

మీ రెండో ప్రశ్నకి అసలు జవాబు నాటకంలో ఉంది. ఎమాద్ రోజూ రాత్రి వేసేది ఆర్థర్ మిల్లర్ 1949 నాటకం ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’లో విల్లీ లోమన్ పాత్ర, రానా అతని భార్య లిండా. విల్లీ అలసిపోయిన ముసలి సేల్స్‌మన్. బోస్టన్ హోటల్లో పరాయి ఆడదానితో ఉండగా కన్నకొడుకు కళ్ళబడతాడు, ఆ సిగ్గు చచ్చేదాకా వదలదు. అంటే ఎమాద్ రోజూ మేకప్ వేసుకుని, ఇంటివాళ్ళ దగ్గర గుట్టు దాచుకున్న ఒక ముసలివాడి మీద ప్రేక్షకులకి జాలి పుట్టించే పని చేస్తున్నాడు, బాగా చేస్తున్నాడు కూడా. అలాంటి మనిషే పగటిపూట తన ఎదురుగా ఆయాసపడుతూ నిలబడితే మాత్రం, బూట్లు విప్పించి, మేజోళ్ళు విప్పించి, ఆ పాదానికున్న గాయం చూసి గదిలో పెట్టి తాళం వేస్తాడు.

ముసలాయన్ని వదిలేయాలని నేను అనడం లేదు. ఆడపిల్ల స్నానం చేస్తున్న గదిలోకి వెళ్ళి, బుద్ధి గడ్డి తిన్నదన్నట్టు ఏడిస్తే సరిపోదు. నా పట్టింపల్లా శిక్ష ఎవరు నిర్ణయించాలన్న దాని మీద. ఇరాన్‌లో ఖిసాస్ అని ఉంది, హత్య కేసుల్లో ప్రతీకారం కోరాలా, దియా అనే పరిహారం తీసుకోవాలా, క్షమించాలా అన్నది చట్టమే చనిపోయినవాళ్ళ కుటుంబం చేతిలో పెడుతుంది. ఫర్హాదీ 2004లో తీసిన ‘బ్యూటిఫుల్ సిటీ’ కథంతా అదే, మరణశిక్ష పడిన కుర్రాడి కోసం అతని అక్క, స్నేహితుడు కలిసి చనిపోయిన అమ్మాయి తండ్రి ఒప్పుకోలు కోసం తిరుగుతారు. ‘ది సేల్స్‌మన్’ కోర్టు దాకా పోదు గానీ, క్షమించే హక్కు ఎవరిది అన్న ప్రశ్న అక్కడి ప్రేక్షకులకి ఇంట్లో మాటే. ఇక్కడ బాధ పడిన మనిషి బతికే ఉంది, పక్కనే ఉంది, తన నిర్ణయం నోటితో చెప్తోంది కూడా. ముసలాయన ఇంటివాళ్ళకి చెప్పావంటే మన మధ్య ఇక ఏమీ ఉండదు అని రానా ఎమాద్‌కి తేల్చి చెప్తుంది.

ఇప్పుడు చివర్లో ఎమాద్ ముసలాయన్ని కొట్టిన చెంపదెబ్బ. ఎమాద్ భార్య చెప్పిన మాట దాటడు, అదే నాకు భయంకరంగా అనిపించేది. ముసలాయన కుటుంబం వస్తుంది, ఏదో గుండెనొప్పి వస్తే ఎమాద్ కాపాడాడనుకుని దండాలు పెడుతుంది. వాళ్ళకి ఒక్క ముక్క చెప్పడు. లెక్క తేల్చుకోవాలన్నట్టు ముసలాయన్ని పక్క గదిలోకి పిలిచి, తలుపు వేసి, అతను వదిలిపోయిన డబ్బూ సామానూ ఒక సంచీలో పెట్టి చేతికిచ్చి, ఒక్కటి కొడతాడు. బయట పెళ్ళాం, కూతురు, కాబోయే అల్లుడు ఎదురుచూస్తున్నారు. కొట్టిన దెబ్బ చిన్నదే, కానీ వాళ్ళ ముందుకి అదే మొహంతో వెళ్ళాలి కదా. అతను మెట్ల మీద కూలిపోతాడు. రానా చెప్పిన మాటలో అక్షరం దాటకుండా, ఆవిడ కోరుకున్నదానికి పూర్తిగా ఎదురు నడిచాడు ఎమాద్. కనుక అది న్యాయమా అంటే నా జవాబు కాదనే. ఆ దెబ్బలో రానా లేదు, ఆ రాత్రి ఇంట్లో లేని మొగుడు తన సిగ్గుని కడుక్కోవడానికి కొట్టిన దెబ్బ అది.

అతను ముందు నుంచే ఇలాంటివాడా అంటే, లేదు. మొదట్లో షేర్ టాక్సీలో ఒకావిడ పక్కన కూర్చున్న ఎమాద్‌ని అనుమానించి సీటు మారుతుంది. తర్వాత ఎమాద్ స్టూడెంట్ ఒకడు ఆవిడ మీద కోప్పడితే, ఆవిడకి ఏ మగాడి వల్లో బాధ కలిగి ఉంటుందని సర్దిచెప్తాడు. అదే మనిషి కొన్నాళ్ళకి క్లాసులో ఒక కుర్రాడి ఫోన్ లాక్కుని అందులో ఫొటోలు వెతుకుతాడు, నాన్నని పిలుచుకురమ్మంటాడు, ఆ కుర్రాడికి నాన్న లేడు. ఇది చిన్న సీనే గానీ చాలామంది పట్టించుకోరు. రానా ఒంటి మీద దాడి చేసినవాణ్ణి వెతికే మనిషి, ఇంకొకరి గుట్టులో చెయ్యి పెట్టడానికి వెనకాడట్లేదు. కేన్స్‌లో షహాబ్ హొసేనీకి ఉత్తమ నటుడి బహుమతి ఇచ్చింది ఈ దిగజారడం ఎక్కడా అరవకుండా చూపించినందుకే అనుకుంటాను. రానాగా తరానే అలీదూస్తీకి కూడా ఇవ్వాల్సింది, అది నా ఫిర్యాదు.

ఇక మూడోది. ముసలాయన బతికాడా పోయాడా అన్నది సినిమా తేల్చి చెప్పదు, అంబులెన్స్ వస్తుంది, అతని భార్య ఏడుస్తుంది, అంతే. ఎమాద్, రానా మాత్రం చివరి షాట్‌లో మేకప్ అద్దాల ముందు ఉంటారు, ఇద్దరి మొహాల మీదా ముసలితనం పూస్తుంటారు. కొంతమంది దీన్ని ‘జీవితం మళ్ళీ మామూలైంది’ అని చదువుకుంటారు. నేను ఒప్పుకోను. నాటకం వాళ్ళిద్దరి ఉద్యోగం లాంటిది, మా అమ్మా నాన్నా మాటల్లేని రోజుల్లో కూడా వంటా ఆఫీసూ నడిచినట్టే అదీ నడుస్తుంది. మా ఇంట్లో మళ్ళీ మాటలు కలవడానికి ఒక కారణం ఉంది, నాన్న ఆలస్యంగానైనా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు, అమ్మ మళ్ళీ ముగ్గు వేసింది. ఎమాద్ అలాంటిది ఒక్కటి చేసినట్టు సినిమాలో ఎక్కడా లేదు. చెంపదెబ్బ తర్వాత రానా అతని కోసం ఆగకుండా బయటికి వెళ్ళిపోతుంది, ముందే చెప్పింది కూడా. కాబట్టి ఒకే ఇంట్లో ఉన్నా లేకపోయినా, నా లెక్కలో వాళ్ళు ఆ గది తలుపు వేసుకున్నప్పుడే విడిపోయారు.