కీలు చదివే లైబ్రరీ పెట్టాక రిపోర్టు సగంలో తెగిపోతోంది, ఎందుకు?

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ. కావలి దగ్గర రొయ్యల కొనుగోలు కేంద్రానికి లైనక్సు మీద పైథాన్ ప్రోగ్రాం రాశారు. ఎంటర్ నొక్కకుండానే కీలు అందుకోవడానికి ఒక లైబ్రరీ తగిలించారు. అప్పటినుంచి సాయంత్రం వేసే కౌంట్‌వారీ (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క ప్రకారం) రిపోర్టు ఒక్కోసారి మధ్యలో ఆగి, బ్లాకింగ్ ఐఓ ఎర్రర్, నంబరు 11 అని వస్తోంది. ఫైల్లోకి మళ్లిస్తే మాత్రం మొత్తం పడుతోంది.

మీ ప్రింట్ లైన్లలో తప్పేమీ లేదండి. ఆ లైబ్రరీ స్టాండర్డ్ ఇన్‌పుట్‌ని, అంటే కీబోర్డు నుంచి చదివే దారిని, నాన్‌బ్లాకింగ్ (పని వెంటనే కాకపోతే ఆగకుండా ఎర్రర్‌తో తిరిగొచ్చే పద్ధతి) చేసి ఉంటుంది. దాంతోపాటు మీ స్టాండర్డ్ అవుట్‌పుట్ (స్క్రీన్ మీద రాసే దారి) కూడా నాన్‌బ్లాకింగ్ అయిపోయింది.

చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ యార్డులో కాటా ప్రోగ్రాం చూసుకునేటప్పుడు నాకు సరిగ్గా ఇదే ఎదురైంది. గెలాక్సీ రాయి దిమ్మెలతో లారీ కాటా ఎక్కుతుంది, ఆపరేటరు కీ నొక్కితే బరువు నమోదవుతుంది, షిఫ్టు చివర జాబితా స్క్రీన్ మీద పడుతుంది. యార్డులోనే కంప్యూటర్ ముందు కూర్చుంటే జాబితా పూర్తిగా వచ్చేది. ఒంగోలు నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో (నెట్ ద్వారా దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) ఎక్కి చూస్తే సగంలో తెగేది. లారీల లెక్క తేలక గుమాస్తాకి రోజూ టెన్షన్. అందరూ నెట్‌నే తిట్టారు. నిజానికి నెట్ నెమ్మదించినప్పుడు టెర్మినల్ బఫరు (రాసింది స్క్రీన్‌కి చేరేదాకా నిలిచే చోటు) నిండుతుంది, అంతే. మామూలుగా అయితే అప్పుడు రాసే పని చేసే రైట్ కాల్, బఫరు ఖాళీ అయ్యేదాకా ఆగుతుంది. నాన్‌బ్లాకింగ్‌లో ఉంటే ఆగకుండా 11 నంబరు ఎర్రర్‌తో వెనక్కి వచ్చేస్తుంది. చిన్న రిపోర్టుకి బఫరు నిండదు కాబట్టి ఎర్రర్ కనిపించదు. మీకు కూడా కొన్నిసార్లే వస్తున్నది అందుకే అయ్యుండాలి.

ఒకదాన్ని మారిస్తే రెండోది ఎందుకు మారింది? 0 (ఇన్‌పుట్), 1 (అవుట్‌పుట్), 2 (ఎర్రర్లు) అనే డిస్క్రిప్టర్ నంబర్లు, అంటే తెరిచిన ఫైళ్లకి గుర్తులు, మీ ప్రాసెస్‌వే (నడుస్తున్న ప్రోగ్రాంవే). కానీ వాటి వెనక కెర్నెల్లో (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయలో) ఓపెన్ ఫైల్ డిస్క్రిప్షన్ అని ఇంకొకటి ఉంటుంది. ఫైల్లో ఎక్కడిదాకా చదివాం అన్న స్థానం, నాన్‌బ్లాకింగ్, అపెండ్ లాంటి ఫ్లాగులు ఉండేది అక్కడ. టెర్మినల్లో లాగిన్ అయినప్పుడు సాధారణంగా టెర్మినల్‌ని ఒకసారే తెరిచి, మూడు నంబర్లకీ దాన్నే డూప్ చేసి (అదే డిస్క్రిప్షన్‌కి ఇంకో నంబరు తగిలించి) ఇస్తారు. ఫోర్క్ చేసినా (ప్రాసెస్ తనలాంటి ఇంకోదాన్ని పుట్టించినా) పిల్ల ప్రాసెస్‌కి వెళ్లేది అదే డిస్క్రిప్షన్. అందుకే ఈ దెబ్బ మీ ప్రోగ్రాంతో ఆగకపోవచ్చు. అది ఫ్లాగును తిరిగి మార్చకుండా ముగిస్తే, అదే షెల్ స్క్రిప్టులో తర్వాత టెర్మినల్ నుంచి చదవబోయే క్యాట్ కమాండ్ కూడా రిసోర్స్ టెంపరరిలీ అన్‌అవైలబుల్ (ఇదే 11 నంబరు ఎర్రర్) అంటుంది.

ఈ సమస్యకి చాలామంది చెప్పే సలహా, డిస్క్రిప్టర్‌ని డూప్ చేసి ఆ కాపీని లైబ్రరీకి ఇవ్వమని. దయచేసి దాని మీద సాయంత్రాలు తగలెయ్యకండి. ఒక బోరుకి పొలంలో ఒకటి, ఇంట్లో ఒకటి స్విచ్ పెట్టినా మోటారు ఒక్కటే కదా. డూప్‌తో కొత్త నంబరు వస్తుంది గానీ డిస్క్రిప్షన్ పాతదే.

ముందు దోషి ఎవరో రూఢి చేసుకోండి. పైథాన్ 3.5 నుంచి ఓఎస్ మాడ్యూల్లో గెట్ బ్లాకింగ్ అనే ఫంక్షన్ ఉంది. దానికి 1 ఇచ్చి, లైబ్రరీని ఇంపోర్ట్ చేసే ముందు, చేశాక, దాని మొదటి ఫంక్షన్ పిలిచాక ఏమొస్తుందో వేరే ఫైల్లో రాయించండి. ట్రూ నుంచి ఫాల్స్‌కి మారిన చోటే మీ జవాబు. ప్రోగ్రాంని ముట్టుకునే వీల్లేకపోతే ప్రాక్ (కెర్నెల్ సమాచారం చూపే /proc డైరెక్టరీ) కింద మీ ప్రాసెస్ నంబరున్న డైరెక్టరీలో ఎఫ్‌డీఇన్ఫో చూడండి. అందులో 0, 1 రెండింటికీ ఫ్లాగ్స్ లైను ఉంటుంది, అంకె ఆక్టల్లో (ఎనిమిది ఆధారంగా రాసే పద్ధతిలో) ఉంటుంది. మామూలు ఇంటెల్, ఆర్మ్ మెషీన్ల మీద నాన్‌బ్లాకింగ్ విలువ 04000. కుడి నుంచి నాలుగో అంకె 4 ఉన్నా, అపెండ్ కూడా కలిసి 6 ఉన్నా ఫ్లాగ్ పడినట్టే. నేను కాటా ప్రోగ్రాంలో పట్టుకున్నది ఇలాగే. తర్వాత ఎస్‌ట్రేస్ (ప్రోగ్రాం కెర్నెల్‌కి చేసే కాల్స్ చూపించే టూల్) పెడితే ఏ కాల్ చేసిందో కూడా తేలింది. ఎస్‌ట్రేస్ వాడితే ఫ్లాగులు మార్చే ఎఫ్‌సీఎన్‌టీఎల్ ఒక్కటే కాకుండా, డివైస్ సెట్టింగులు మార్చే ఐఓసీటీఎల్ కాల్స్ కూడా చూపించమనండి. కొన్ని లైబ్రరీలు ఫియోన్‌బయో అనే ఐఓసీటీఎల్‌తో ఇదే పని చేస్తాయి, మొదటిదాన్నే చూస్తే ఏమీ దొరకదు.

ఇక మందు. లైబ్రరీ ఏ డిస్క్రిప్టర్ ఇచ్చినా తీసుకునే రకమైతే, దానికోసం డెవ్ కింద ఉన్న టీటీవైని (/dev/tty, మీ టెర్మినల్‌కే ఇంకో పేరు) విడిగా ఓపెన్ చేసి ఇవ్వండి. కొత్తగా ఓపెన్ చేస్తే కొత్త డిస్క్రిప్షన్ వస్తుంది, దాని మీద ఎన్ని ఫ్లాగులు మార్చుకున్నా మీ 1కి ఏమీ కాదు. యార్డులో నేను చేసింది ఇదే, ఆ తర్వాత జాబితా ఒంగోల్లోనూ పూర్తిగానే వచ్చింది. లైబ్రరీ 0 మీదే పట్టుబడితే దాన్ని వేరే ప్రాసెస్‌లో నడపండి: దాని 0గా ఈ కొత్త టీటీవైని పెట్టి, కీలు మాత్రం పైపు (రెండు ప్రాసెస్‌ల మధ్య డేటా మోసే దారి) ద్వారా మీ ప్రోగ్రాంకి తెప్పించుకోండి. ప్రతి ప్రింట్‌కి ముందు సెట్ బ్లాకింగ్‌తో ఫ్లాగు వెనక్కి తిప్పడం నాకు నచ్చదు. లైబ్రరీ ఇంకో థ్రెడ్‌లో ఉంటే మధ్యలో మళ్లీ మార్చేస్తుంది, లేదా కీ కోసం లైబ్రరీయే వేలాడిపోతుంది. ఈ రాత్రికి రిపోర్టు తీయాల్సి వస్తే వాడండి, అక్కడితో తీసేయండి.

టీటీవైని విడిగా తెరిచినా ఒకటి మాత్రం విడిపోదు. ఎకో (కొట్టిన అక్షరం స్క్రీన్ మీద కనిపించడం) ఆపడం, ఎంటర్ లేకుండా చదవడం లాంటి టెర్మియోస్ సెట్టింగులు టెర్మినల్‌కే చెందుతాయి, ఏ డిస్క్రిప్షన్‌కీ కాదు. అందుకే మొదట్లోనే టీసీగెట్ఆట్టర్‌తో పాత సెట్టింగులు దాచుకుని, ఫైనల్లీ బ్లాకులో టీసీసెట్ఆట్టర్‌తో తిరిగి పెట్టండి. ప్రోగ్రాం అర్ధంతరంగా చచ్చిపోయి, కొట్టే అక్షరాలు స్క్రీన్ మీద కనిపించకపోతే గుడ్డిగానే ఎస్‌టీటీవై సేన్ అని టైపు చేసి ఎంటర్ కొట్టండి. ప్రోగ్రాంని సర్వీసుగా నడుపుతుంటే టెర్మినల్ ఉండదు కాబట్టి డెవ్ టీటీవై తెరుచుకోదు. మీది అలాంటిదైతే ఎఫ్‌డీఇన్ఫోలోని ఆ రెండు ఫ్లాగ్స్ లైన్లు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.