‘ఆవిడే స్నానం వద్దంటున్నారు’

ప్రశ్న: పక్షవాతంతో మంచం పట్టిన మా అమ్మను ఏడాది కిందట హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు వృద్ధాశ్రమంలో చేర్చాం. ఎప్పుడు వెళ్లినా డైపర్ తడిసి ఉంటోంది, గోళ్లు పెరిగిపోయాయి, జుట్టు అట్టలు కట్టింది. అడిగితే ‘ఆవిడే స్నానం వద్దంటున్నారు’ అంటారు. గట్టిగా నిలదీస్తే అసలే పట్టించుకోరేమోనని టెన్షన్. - ఒక కూతురు, వరంగల్

జవాబు: మీరు ఊరుకున్నా అమ్మను సరిగ్గా చూడటం లేదు కదమ్మా. అడగండి.

‘వద్దంటున్నారు’ అన్నది అబద్ధం కాకపోవచ్చు. స్నానం ఎవరు చేయిస్తున్నారు? మగ అటెండరా? తలుపు వేస్తున్నారా? నీళ్లు వేడిగా ఉంటున్నాయా? ఇన్నేళ్లూ కొంగు జారనివ్వని మనిషి ఎవరో కుర్రాడి ముందు ఒళ్లు విప్పాలంటే వద్దనే అంటుంది. పక్కన ఎవరూ లేనప్పుడు అమ్మనే అడగండి. మాట రాకపోతే తల ఊపితే సరిపోయేలా అడగండి. ఆయాతో చేయిస్తామంటే ఒప్పుకోవచ్చు. అప్పటికీ కాదంటే వేడి నీళ్లలో ముంచిన గుడ్డతో ఒళ్లు తుడవొచ్చు. వద్దన్నారని వదిలేయడం మాత్రం కుదరదు.

ఈసారి దుప్పటి తీసి మీరే చూడండి. నడుము కింద, తుంటి దగ్గర, మడమల మీద ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదలండి. ఎరుపు అలాగే ఉంటే పడక పుండు మొదలవుతున్నట్టే. చర్మం చిట్లితే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. తడి డైపర్‌లో నానిన చర్మం తొందరగా ఒరుసుకుపోతుంది. కదల్లేని వాళ్లను మామూలుగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలంటారు. నోరు కూడా చూడండి, దాన్ని అందరూ మరిచిపోతారు. మింగడం సరిగా లేనివాళ్లకు నోట్లో పాచి లాలాజలంతో ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా రావచ్చు.

ఆయా మీద అరవకండి, రాత్రంతా ఎంతమందిని ఒక్కతే చూస్తోందో. నిర్వాహకులతోనే మాట్లాడండి. డైపర్ ఎప్పుడు మార్చారో, ఎప్పుడు తిప్పారో రాసే కాగితం మంచం దగ్గర పెట్టమనండి. ఆ మాటే వాట్సాప్‌లో కూడా పంపండి. తర్వాత చెప్పకుండా వేరే వేరే వేళల్లో వెళ్లండి. వారంలో మార్పు లేకపోతే వృద్ధుల కోసం ఉన్న ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయండి, జిల్లా సంక్షేమ అధికారికి రాసివ్వండి. ఈలోపు ఇంకో చోటు వెతకండి. చూడబోయినప్పుడు ఆఫీసు గదిలో కూర్చోక, మంచం పట్టినవాళ్ల గదిలోకి వెళ్లండి. వాసనే సగం చెప్పేస్తుంది.

రేపు వెళ్లేటప్పుడు నెయిల్ కట్టర్, దువ్వెన, కొబ్బరి నూనె పట్టుకెళ్లండి. చిక్కు తీసి జడ మీరే వేయండి. ఎదురుగా కూర్చుని అడిగితే చెప్పనిది, తల దువ్వుతుంటే చెబుతుందేమో.