కొత్తపేటలో మందుల షాపు పెడుతున్న మేనకోడలికి

అమ్మడూ,

షాపుకి లైసెన్సు వచ్చిందని అక్కయ్య ఫోన్లో చెప్పింది. సంతోషం. ర్యాకులు, ఫ్రిజ్, బిల్లింగ్ సంగతులు నాకన్నా నీకే బాగా తెలుసు. నేను చెప్పేది యాంటీబయాటిక్‌ల గురించే.

గుంటూరులో పొద్దున్నే "జలుబమ్మా, రెండు అజిత్రో ఇవ్వు" అంటూ వస్తారు. ఇవ్వకపోతే పక్క షాపుకి పోతారు. పోనీ. జలుబు వైరస్ వల్ల వచ్చేది, ఆ యాంటీబయాటిక్ బిళ్ళ దాన్నేమీ చెయ్యదు. పేగుల్లోని బ్యాక్టీరియాని మాత్రం చంపుతుంది. తట్టుకున్నవి మిగిలి, ఖాళీ అయిన చోట పెరుగుతాయి. "ఒంటికి మందు అలవాటైపోయింది" అంటుంటారు. మందుకి లొంగనిది ఒళ్ళు కాదు, క్రిములు.

అసలు చిక్కు ఇక్కడుంది. తట్టుకునే జన్యువు చాలాసార్లు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట మీద ఉంటుంది. పరీక్ష హాల్లో చీటీ అందించినట్టు ఒక క్రిమి దాన్ని ఇంకోదానికి, వేరే జాతిదానికైనా సరే, అందించేస్తుంది. ఒకే చుట్టలో నాలుగైదు మందులకి విరుగుడు ఉండొచ్చు. అప్పుడు కౌంటర్లో ఇచ్చిన మామూలు బిళ్ళ కూడా, ఆసుపత్రిలో తీవ్రమైన ఇన్ఫెక్షన్లకి వాడే మెరోపెనమ్‌ని విరగ్గొట్టే ఎన్‌డీఎమ్ జన్యువుని పెంచిపోషిస్తుంది.

మెరోపెనమ్ పోతే ఐసీయూలో కొలిస్టిన్. కిడ్నీలు దెబ్బతింటాయని ఒకప్పుడు పక్కనపెట్టిన పాత మందే, గతిలేక మళ్ళీ తీశారు. అది క్రిమి పైపొరకున్న రుణావేశాన్ని (నెగటివ్ చార్జిని) పట్టుకుని అంటుకుంటుంది. క్రిమి ఆ ఆవేశాన్ని తగ్గించుకుంటే మందుకి పట్టు దొరకదు. ఈ విద్య కూడా ప్లాస్మిడ్ మీదకి ఎక్కిందని 2015లో చైనాలో, పందుల్లోనూ మనుషుల్లోనూ బయటపడింది. 2019 జులైలో మన కేంద్రం కోళ్ళకీ, చేపల చెరువులకీ కొలిస్టిన్ నిషేధించింది. కోళ్ళ ఫారం వాళ్ళు ఎవరైనా అడిగితే మొహమాటపడకు.

సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్‌లు హెచ్1 కిందకొస్తాయి, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మి, లెక్క రాయాల్సిన మందుల జాబితా. డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చావో ఏ రోజుకారోజే రిజిస్టర్లో రాయి, మూడేళ్ళు దాచు. ఇన్‌స్పెక్టరు వచ్చేముందు రాత్రి కూర్చుని నింపేవాళ్ళని చూశాను, అన్నీ ఒకే పెన్నుతో! చీటీ ఉన్నవాళ్ళకి డాక్టరు రాసినన్ని రోజులకీ ఇవ్వు. డబ్బు చాలదంటే కోర్సు సగానికి కొయ్యకు, చవక కంపెనీది చూపించు. జ్వరం తగ్గకపోతే ఏ క్రిమో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూసే కల్చర్ టెస్టు గురించి డాక్టర్ని అడగమను.

నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు కౌంటర్లో కూర్చునే కుర్రాడికి ఇదంతా ముందే చెప్పిపెట్టు.

మామయ్య