మైనస్ 1.25 పవర్‌కి 1.67 థిన్ లెన్స్ అవసరమా?

మీకు రెండు కళ్లకీ మైనస్ 1.25 అన్నారు. షాపులో 1.67 థిన్ లెన్స్ వేయించుకోమంటున్నారు, మామూలువి తీసుకుంటే మరీ మందంగా కనిపిస్తాయేమోనని మీ భయం. ఈ 1.67 అనేది ఇండెక్స్, అంటే లెన్స్ మెటీరియల్ వెలుతురుని ఎంత వంచుతుందో చెప్పే అంకె; అది ఎక్కువైతే లెన్స్ పల్చగా వస్తుంది. నాది మైనస్ 1.50. మామూలు ప్లాస్టిక్, పాలీకార్బొనేట్, 1.67 మూడూ వాడాను. మీ పవర్‌కి మామూలు ప్లాస్టిక్ లెన్స్, అంటే సీఆర్-39 చక్కగా సరిపోతుంది.

మైనస్ లెన్స్ మధ్యలో పల్చగా, అంచుల్లో మందంగా ఉంటుంది కదా. మధ్య నుంచి అంచుకి 25 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. మీ పవర్ వల్ల అంచు దగ్గర పెరిగే మందం సీఆర్-39లో దాదాపు 0.8 మిల్లీమీటర్లు, 1.67లో 0.6. ఆ 0.2 కోసమే అంత ధర. 1.67ని మధ్యలో కూడా ఇంకాస్త పల్చగా చెయ్యొచ్చు, నిజమే. అయినా ఫ్రేమ్‌లో బిగించాక ఎదుటివాళ్లు గుర్తుపట్టలేరు. నా రెండు జతలూ పక్కపక్కన పెట్టి అంచు వైపు నుంచి చూస్తేనే తేడా తెలిసింది. అసలు కిటుకు ఫ్రేమ్ సైజులో ఉంది. ఆ 25 కాస్తా 22 అయ్యేలా కొంచెం చిన్న ఫ్రేమ్ తీసుకోండి, మామూలు లెన్స్‌లోనే ఆ 0.8 దాదాపు 0.6కి దిగుతుంది. మైనస్ 4, 5 దాటినవాళ్లకైతే 1.67 నిజంగా ఉపయోగమే.

మిగిలిన డబ్బు మంచి యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్‌కి, అంటే లెన్స్ మీద వెలుతురు ప్రతిఫలించడాన్ని తగ్గించే పూతకి పెట్టండి. కోటింగ్ లేని సీఆర్-39 మీద పడ్డ వెలుతురులో సుమారు 8 శాతం వెనక్కి పోతుంది, 1.67 అయితే 12 శాతం దాకా. రాత్రి బండి నడిపేటప్పుడు నాకు బాగా తేడా తెలిసింది కోటింగ్ వల్లే, మెటీరియల్ వల్ల కాదు.

యాబీ నంబర్ గురించి కూడా వినే ఉంటారు. అది ఎంత ఎక్కువ ఉంటే అంచుల్లో రంగులు అంత తక్కువగా చీలతాయి. సీఆర్-39కి 58, 1.67కి 32, పాలీకార్బొనేట్‌కి 30. పాలీకార్బొనేట్ జతతో వీధి దీపాన్ని లెన్స్ చివర నుంచి ఓరగా చూస్తే ఒక పక్క నీలం, ఇంకో పక్క నారింజ గీత సన్నగా కనిపించేవి. సూటిగా చూస్తే ఏమీ లేదు. మీ పవర్‌కి అది ఇంకా తక్కువ, దాని గురించి బెంగ వద్దు.

పిల్లలకైనా, ఆటలాడేవాళ్లకైనా, ఒక్క కంటి చూపు మీదే ఆధారపడ్డవాళ్లకైనా మాత్రం నేను సీఆర్-39 చెప్పను. దెబ్బ తగిలితే పాలీకార్బొనేట్, ట్రైవెక్స్ అనే ఇంకో రకం ప్లాస్టిక్ అంత తేలిగ్గా పగలవు. రెండిట్లో నాకు ట్రైవెక్స్ మీదే మొగ్గు: ఇంకా తేలిక, యాబీ కూడా 43 పైనే. రిమ్‌లెస్ ఫ్రేమ్ తీసుకున్నా ఇదే మాట, ఎందుకంటే స్క్రూ కోసం వేసిన రంధ్రం దగ్గర సీఆర్-39 చిట్లుతుంది.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు మెటీరియల్ పేరు, ఇండెక్స్, కోటింగ్ మూడూ బిల్లు మీద రాయించుకోండి. ‘బ్లూ కట్’ (నీలి కాంతిని తగ్గించేది) అని మాత్రమే రాసిస్తే ఏ మెటీరియల్ ఇచ్చారో తెలియదు.