ఇండోర్‌లో ప్రధానంగా పేదల కోసం వేసిన అరణ్య కాలనీలో ఇళ్లన్నీ ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషీయే కట్టారా?

లేదు, దోషీ కాలనీ మొత్తానికి ప్లాన్ వేసి, నమూనాగా 80 ఇళ్లు మాత్రం డిజైన్ చేశారు. మిగతావి అక్కడి కుటుంబాలు కట్టుకున్నవే.

కారణం డబ్బు. రోజు కూలీతో బతికే కుటుంబం పూర్తి ఇంటి ఖర్చు ఒకేసారి భరించలేదు. అందుకే బాగా పేదవాళ్లకు సుమారు 35 చదరపు మీటర్ల స్థలం, పునాది, మరుగుదొడ్డి, నీళ్లు, కరెంటు సదుపాయం ఇచ్చారు. సొంతంగా సమకూర్చుకోవడం కష్టమయ్యేవి ముందే ఇచ్చేసి, గోడలూ గదులూ వాళ్ల వీలుకు వదిలారు. నాకు ఈ పథకంలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే.

ఉదాహరణకు, ముందు ఒక్క గది వేసుకున్న కుటుంబం చేతిలో నాలుగు డబ్బులు ఆడాక వెనక వంటగది కట్టుకోవచ్చు, తర్వాత మేడ వేసుకోవచ్చు. ఎలా పెంచుకోవచ్చో నమూనా ఇళ్లలోనే కనిపిస్తుంది: వీధి వైపు అరుగు, పైకి మెట్లు, చిన్న బాల్కనీ.

చాలామంది దీన్ని నిధులు చాలక సగంలో ఆపేసిన ప్రాజెక్ట్ అనుకుంటారు. అది పొరపాటు. ఇల్లు కుటుంబంతో పాటు పెరగాలన్నదే అసలు డిజైన్. దీనికి మంచి కట్టడాలకు ఇచ్చే ఆగాఖాన్ అవార్డు వచ్చింది. అహ్మదాబాద్‌లో 1962లో ఆర్కిటెక్చర్ స్కూల్ పెట్టి కొన్ని తరాల విద్యార్థులను తీర్చిదిద్దిన దోషీకి 2018లో ఆర్కిటెక్చర్‌లో అత్యున్నతంగా భావించే ప్రిట్జ్‌కర్ బహుమతి ఇచ్చినప్పుడు, అరణ్యలో 80 వేల మందికి పైగా ఉంటున్నారు.