యువ రచయితకు లేఖ: ఈ వాక్యానికి కర్త ఎవరు?

హనుమకొండ

తమ్ముడూ,

ప్రభువు పేరిట వందనాలు. దేవుడు తమకు చేసింది చెప్పుకున్నవాళ్ల మాటగా నువ్వు రాసి పంపిన మూడు సాక్ష్యాలూ రెండేసిసార్లు చదివాను. మూడింటి చివరా "సమస్త మహిమ దేవునికే కలుగును గాక" అని రాశావు. మనసారా రాశావని తెలుస్తూనే ఉంది. కానీ ఆ వరుసకు పైనున్న యాభై వరుసల్లో మహిమ ఎవరి దగ్గరికి పోయిందో ఒకసారి చూద్దాం. సంగీతకారుడు బాహ్ తన ఆరాధన సంగీతపు రాతప్రతుల చివర "దేవునికి మాత్రమే మహిమ" అనే లాటిన్ మాటల పొడి అక్షరాలు మూడు వేసేవాడు. పైన స్వరాలన్నీ ఒళ్లు దాచుకోకుండా కూర్చాడు కాబట్టే కింద ఆ మూడక్షరాలు నిలిచాయి. ఆఖరి వరుస ముద్ర లాంటిది. లోపలి సరుకును అది మార్చలేదు.

పాత నిబంధనలో మహిమ అని మనం చదివే చోట హెబ్రీలో ఎక్కువగా ఉండే మాట "కాబోద్". దాని మూలంలో ఉన్న అర్థం బరువు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తా కాంటా మీద పెట్టిన రైతుకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు: ముల్లు ఎటు మొగ్గితే బరువు అటున్నట్టే. నీ సాక్ష్యాన్నీ అట్లా కాంటా పెట్టు. రెండో సాక్ష్యంలో జబ్బుకు ఇరవై రెండు వరుసలు, ఉపవాసం ఎంత కష్టమైందో చెప్పడానికి పద్నాలుగు, ప్రార్థించిన దైవజనుడికి తొమ్మిది. దేవుడు చేసిన పనికి రెండు. ముల్లు ఎటుందో నువ్వే చూసుకో.

ఇక వ్యాకరణం. మన భాషలో "నేను" అని రాయకపోయినా క్రియ చివర దాక్కుని ఉంటుంది. ప్రార్థించాను, నిలబడ్డాను, గెలిచాను. ఎర్ర పెన్ను తీసుకుని ఇట్లాంటి క్రియలన్నిటి కిందా గీత గీయి. తర్వాత దేవుడు కర్తగా ఉన్న క్రియల కింద నీలం గీత గీయి. కాగితాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుంటే ఏ రంగు ఎక్కువుందో చదవకుండానే తెలుస్తుంది. రంగులు సమానంగా రావాలని నేను అనను. మనిషి కథలో మనిషి చేసిన పనులు ఉంటాయి. కథ మలుపు తిరిగిన చోట ఏ రంగుందో అదొక్కటి చూడు.

"కొను" చేరిన క్రియల దగ్గర ఇంకాస్త జాగ్రత్త. "ధైర్యం తెచ్చుకున్నాను" అన్నావు. ఆ సాక్ష్యం చెప్పినామె ఆపరేషన్‌కు ముందు రాత్రి నిజంగా తెచ్చుకుందా, లేక తెల్లవారుజామున ఆమెకు ధైర్యం వచ్చిందా? అడిగి తెలుసుకో. "నాకు ధైర్యం వచ్చింది", "నాకు నిద్ర పట్టింది" అన్నప్పుడు మన తెలుగు మనిషిని పుచ్చుకునే చోట కూర్చోబెడుతుంది. కృపను చెప్పడానికి ఇంతకన్నా అనువైన వాక్యం నాకు కనిపించలేదు. ఆమె నిజంగా తెచ్చుకుని ఉంటే మాత్రం అట్లాగే ఉంచు.

"స్వస్థపరచబడ్డాను", "ఆదరించబడ్డాను" అనే "బడు" వాక్యాలు బోధలో వినీవినీ మన కలంలోకి వచ్చాయి. వినయంగానే వినిపిస్తాయి. కానీ వాటిలో చేసినవాడు కనిపించడు. ఖాళీ ఉన్న చోట చదివేవాడు ఎవరినో ఒకరిని పెట్టుకుంటాడు, మామూలుగా మైకు పట్టుకున్నాయన్ని. "ప్రభువు నన్ను బాగుచేశాడు" అని సూటిగా రాయి. సంఖ్యాకాండం 20లో మోషే బండ ముందు నిలబడి "మేము" నీళ్లు రప్పించాలా అన్నాడు. బండను రెండుసార్లు కొట్టాడు. నీళ్లు వచ్చాయి, జనం తాగారు, పశువులు తాగాయి. అయినా జనం ఎదుట తనను పరిశుద్ధపరచలేదని దేవుడు ఆయనతో చెప్పాడు. సర్వనామం ఎంత దూరం పోతుందో అక్కడ నేర్చుకోవాలి.

అతి వినయం కూడా ఇదే గోతిలో పడేస్తుంది. "అల్పుడనైన నేను, పనికిరాని పాత్రనైన నేను" అంటూ ఐదు వరుసలు రాస్తే ఆ ఐదింటిలోనూ ఉన్నది నేనే. పౌలు పద్నాలుగేళ్ల కిందటి తన దర్శనాన్ని ఎవరో ఒక మనిషికి కలిగినట్టు క్లుప్తంగా చెప్పి, తన శరీరాన్ని బాధపెట్టే ముల్లు లాంటి బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదని దాచకుండా రాశాడు.

ఇప్పుడు మిర్చి రైతు సాక్ష్యం. మూడింటిలో బాగా రాసింది ఇదే, ఎక్కువ చెడిందీ ఇదే. 2021లో నల్ల తామర పురుగు వచ్చి మన వరంగల్, ఖమ్మం చేలను ఊడ్చేసిన సంగతి అందరికీ గుర్తే. పూతలో చేరి రసం పీల్చేస్తే పూత రాలి కాయ నిలవలేదు. ఆ రైతు రెండెకరాలు మాత్రం దక్కాయి. నువ్వు ఇట్లా రాశావు: "చుట్టూ ఉన్న చేలన్నీ పోయినా, రోజూ మూడు గంటలు ప్రార్థించాను గనుక నా చేను నిలిచింది." ఈ ఒక్క వాక్యంలో మూడు తప్పులున్నాయి.

"గనుక" అన్న మాటతో మూడు గంటల ప్రార్థన కూలి అయింది, చేను కైకిలి డబ్బు అయింది. దేవుడు లెక్కచూసి ఇచ్చే ఆసామిలా మిగిలాడు.

రెండోది, పక్క చేను రైతు కూడా మీ సంఘస్థుడే కదా? అతను కూడా మోకరించాడు, అతని చేను పోయింది. ఆదివారం నీ సాక్ష్యం విని అతను ఏమనుకుంటూ ఇంటికి పోతాడు? సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్లు మిగతావాళ్లకన్నా పాపులు కారని యేసు ప్రభువు తేల్చి చెప్పాడు. ఆయన చెరిపేసిన గీతను మన సాక్ష్యంలో మళ్లీ గీయకూడదు.

మూడోది, ఆ రైతు నీలిరంగు జిగురు అట్టలు కట్టాడు, పురుగు కనబడగానే వ్యవసాయాధికారిని పిలిచి చూపించాడు. నీ మొదటి చిత్తుప్రతిలో ఇవి ఉన్నాయి, రెండోదాంట్లో కొట్టేశావు. మందూ అట్టా చెబితే దేవుని మహిమ తగ్గుతుందని భయపడ్డట్టున్నావు. తగ్గదు. నేను నాటాను, అపొల్లో నీళ్లు పోశాడు, పెరిగేలా చేసింది దేవుడే అని కొరింథీయులకు రాసినప్పుడు పౌలు నాటినవాడినీ నీళ్లు పోసినవాడినీ కొట్టెయ్యలేదు. రోమా పత్రిక 16వ అధ్యాయమంతా పేర్లే. డోర్నకల్ కెథీడ్రల్ గురించి రాసేవాళ్లు దాన్ని కట్టించిన బిషప్ అజరయ్య పేరు ఎత్తకుండా రాయలేరు, రాయకూడదు కూడా. బాప్తిస్మం పొందేవాళ్ల చేత సొంత తలమీదే చేయి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని ఆయన చెప్పించేవాడు. కూలిపని చేసేవాళ్లు కూడా ఆ మాట చెప్పి తమ వాడల్లో సాక్షులయ్యారు. మనిషి చేసిన పనిని ఉన్నంత చెప్పడం దొంగతనం కాదు. ఉన్నదానికన్నా ఎక్కువ చెబితేనే దేవుని వాటా పోతుంది.

బైబిల్లో "దేవునికి మహిమ చెల్లించు" అన్న మాట ఎక్కడ వస్తుందో చూశావా? యెహోషువ 7లో, ముట్టకూడని సొమ్ము దాచుకున్న ఆకానును నిలబెట్టి, యెహోవాకు మహిమ చెల్లించు, నువ్వు చేసింది దాచకుండా చెప్పు అంటాడు యెహోషువ. అంటే జరిగింది జరిగినట్టు చెప్పడమే మహిమ చెల్లించడం. యోహాను 9లో గుడ్డివాడుగా ఉన్నవాణ్ణి పరిసయ్యులు అదే మాటతో నిలదీస్తే, తనకు తెలియనిది తెలియదన్నాడు, తెలిసిన ఒక్కటి చెప్పాడు: గుడ్డివాణ్ణి, ఇప్పుడు చూస్తున్నాను. సాక్ష్యానికి అంతకుమించిన కొలత లేదు. కాబట్టి "డాక్టర్లు చేతులెత్తేశారు" అని రాసేముందు ఆసుపత్రి కాగితం తెప్పించి చూడు. చాలాసార్లు అందులో ఉండేది "పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అని మాత్రమే. అట్లాగే రాయి. దేవుని పక్షాన అబద్ధమాడతారా అని యోబు తన స్నేహితులను గట్టిగానే అడిగాడు (13:7). రైతు కాంటాకు ముందే తాలుకాయ ఏరేస్తాడు. అచ్చుకు ముందు మనం చేయాల్సిందీ అదే. ఏరాక ఎవరి సాక్ష్యమో వాళ్లకు చదివి వినిపించి, సరేనన్నాకే బయటపెట్టు.

ఇంకొకటి. బతుకమ్మ పేర్చే పక్కింటి అత్తమ్మకు నీ రాత చదివి వినిపించు. "విడుదల", "అభిషేకం", "ఆత్మీయ భారం" దగ్గర ఆమె ఆగి అడిగితే, ఆ మాటల వెనక జరిగిన సంగతేమిటో రాయి. అడిగినప్పుడు నీకే చెప్పరాకపోతే ఆ వాక్యం తీసెయ్యి.

నీ రాత నచ్చిందని జనం అంటారు, అనాలి కూడా. అప్పుడు, జనం దేవుడని పొగిడితే ఆ మహిమ దేవునికి ఇవ్వని హేరోదులా ఊరుకోకు. దేవాలయం దగ్గర కుంటివాడు లేచినప్పుడు పేతురు ఏం చేశాడో అది చెయ్యి: మావైపు ఎందుకు చూస్తారని ఒక్క మాట అని, వెంటనే యేసు సంగతి ఎత్తుకున్నాడు. నీకూ ఒక్క మాట చాలు. గెలిచిన రోజు కన్నా ఆ తర్వాతి రోజులు కష్టం. గిద్యోను సైన్యంలోని 32,000 మందిని 300కు తగ్గించి, గెలుపు తమదని ఇశ్రాయేలు అనుకోకుండా దేవుడు చూసుకున్నాడు. ఆ గెలుపు తర్వాతే గిద్యోను 1,700 తులముల బంగారు పోగులు అడిగి ఏఫోదు, అంటే యాజకుడు వేసుకునే లాంటి వస్త్రం, చేయించాడు, అది అతని ఇంటికే ఉరి అయింది. రాతగాడికి ఆ ఏఫోదు పేరున్న శాలువా కావచ్చు, ఫ్లెక్సీ మీద ఫొటో కావచ్చు.

మిర్చి సాక్ష్యాన్ని ఇప్పుడే తిరగరాయకు. ముందు చేను పోయిన ఆ పక్క రైతు దగ్గరికి వెళ్లు, ఆదివారం కూడిక అయ్యాక. నోటుబుక్కు తీయకు. ఎన్నెకరాలు వేశాడు, పెట్టుబడి ఎంత, అప్పు ఎంత మిగిలిందని అడుగు. ఆ తర్వాత వారం కూడా గుడికి ఎట్లా రాగలిగాడో, చెప్పాలనిపిస్తే అతనే చెప్తాడు. పంట పోయినా దేవునిలో ఆనందిస్తానన్న హబక్కూకు మూడో అధ్యాయం చివరి వరుసలు చదువుకుని వెళ్లు, కానీ అతనికి వినిపించకు. అతని సాక్ష్యం కూడా రాసి, రెండూ ఒకే సంచికలో పక్కపక్కన వేయొచ్చేమో చూద్దాం. రెండూ కలిపి పంపు.

మీ అన్న